ఏఎస్ రావు: హజీరా పనిచోట్ల వాడే ‘చేతులతో పనిలేని’ వాకీటాకీకీ, ఈసీఐఎల్‌ను కట్టిన తెలుగు శాస్త్రవేత్తకూ ఏమిటి సంబంధం?

సూరత్ నుంచి తాపీ నది సముద్రంలో కలిసే వైపు వెళ్తే హజీరా వస్తుంది. ఉక్కు, ఎరువులు, గ్యాస్, భారీ యంత్రాల కర్మాగారాలు, ఓడరేవు అన్నీ ఇక్కడ పక్కపక్కనే ఉంటాయి. సూరత్ మరమగ్గాల దగ్గర తరతరాలుగా తెలుగువాళ్లు ఉన్నట్టే, ఇలాంటి పారిశ్రామిక ప్రాంతాల్లోనూ తెలుగు వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు కనిపిస్తుంటారు.

ఇలాంటి పనిచోట్ల ఎత్తు మీద నిలబడి క్రేన్‌కు సిగ్నల్ ఇచ్చే మనిషికి వాకీటాకీ తప్పనిసరి. అయితే మామూలు వాకీటాకీలో మాట్లాడాలంటే పక్కనున్న బటన్ నొక్కి పట్టుకోవాలి. ఒక చేయి తాడు మీద, ఇంకో చేయి రైలింగ్ మీద ఉన్నప్పుడు బటన్ నొక్కడానికి మూడో చేయి కావాలి.

దీనికి ఎలక్ట్రానిక్స్‌లో పాత పరిష్కారమే ఒకటి ఉంది. నోరు విప్పితే చాలు, సెట్ తనంతట తానే ప్రసారం మొదలుపెడుతుంది. మాట ఆగితే అదే ఆగిపోతుంది. దీన్ని వాక్స్ అంటారు. ఎలక్ట్రానిక్స్ మీద ఆసక్తి ఉన్న కుర్రాళ్లు ఇంట్లో బల్ల మీద కూడా దీన్ని కట్టుకోగలరు.

ఆ చిన్న సర్క్యూట్ వెనకున్న సూత్రమే 1956లో ట్రాంబేలో ఆసియాలోని తొలి అణు రియాక్టర్లలో ఒకదానికి కాపలా కాసింది. అక్కడి నియంత్రణ వ్యవస్థను తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించింది ఒక తెలుగువాడు. ఆయన పేరు అయ్యగారి సాంబశివరావు. హైదరాబాద్‌లో ఏఎస్‌రావు నగర్ బస్టాపులో రోజూ దిగే వేలమందికి ఆ పేరు తెలుసు. ఆ మనిషి గురించి తెలిసినవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారు.

ముందు ఆ సర్క్యూట్ సంగతి

వాక్స్‌లో ఏం జరుగుతుందో తెలిస్తే ఏఎస్ రావు చేసిన పని అర్థం చేసుకోవడం తేలిక.

మైకులో మాట పడగానే కొన్ని మిల్లీవోల్టుల సంకేతం పుడుతుంది. దాన్ని ఒక ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. తర్వాత డయోడ్ ఆ సంకేతాన్ని ఒకే దిక్కుకు మళ్లిస్తుంది. దాంతో ఒక కెపాసిటర్ నిండుతుంది. కెపాసిటర్ మీద వోల్టేజీ ఒక హద్దు దాటగానే ట్రాన్సిస్టర్ ఆన్ అవుతుంది. మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్‌కు ఆ హద్దు దాదాపు 0.6 వోల్టులు. ట్రాన్సిస్టర్ ఆన్ అయితే రిలే పడుతుంది. వేలితో బటన్ నొక్కితే కలిసే రెండు తీగలనే ఆ రిలే కలుపుతుంది.

మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకున్నప్పుడల్లా సెట్ ఆగిపోకూడదు. అందుకే కెపాసిటర్‌ను నెమ్మదిగా ఖాళీ అయ్యేలా పెడతారు. 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌కు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే ఆ జాగు సుమారు ఒక సెకను వస్తుంది.

మొత్తం పని ఇంతే. ఒక కొలత, ఒక హద్దు, ఒక రిలే. కష్టమంతా హద్దు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే వస్తుంది. తక్కువ పెడితే గాలి వీచినా, పక్కన గ్రైండర్ తిరిగినా సెట్ ప్రసారం మొదలుపెట్టి, ఛానెల్‌లో మిగతావాళ్లెవరూ మాట్లాడకుండా అడ్డుపడుతుంది. ఎక్కువ పెడితే మనిషి అరిచినా పలకదు.

మొగల్లు నుంచి స్టాన్‌ఫర్డ్‌కు

సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేశారు. తర్వాత కొన్నేళ్లు అక్కడే పాఠాలు చెబుతూ పరిశోధన చేశారు.

1946లో టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చదివారు. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. యుద్ధకాలంలో రాడార్ మీద, రేడియో మీద పనిచేసిన ఇంజినీర్లు ప్రయోగశాలలకు తిరిగొస్తున్న రోజులవి. సైనికుడు ఒక్క చేత్తో పట్టుకోగల వాకీటాకీని మోటరోలా కంపెనీ 1941లోనే తయారుచేసింది. అదంతా వ్యాక్యూమ్ ట్యూబుల కాలం. ట్రాన్సిస్టర్ 1947 డిసెంబరులో గానీ పుట్టలేదు.

అంటే ఏఎస్ రావు ట్యూబులతో చదువు ముగించుకుని, ఆ వెంటనే ట్రాన్సిస్టర్ లోకంలోకి అడుగుపెట్టిన తరం మనిషి. నేర్చుకున్న సామగ్రి కళ్లముందే పాతబడుతుంటే, సూత్రాన్ని పట్టుకుని కొత్త సామగ్రికి మారాల్సిన అవసరం ఆ తరానికి వచ్చింది.

భాభా దగ్గర

అమెరికా నుంచి తిరిగొచ్చి ఆయన హోమీ భాభా నడుపుతున్న టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. అక్కడ కాస్మిక్ కిరణాల విభాగంలో పని మొదలుపెట్టారు.

అంతరిక్షం నుంచి వచ్చే ఈ కణాలు కంటికి కనపడవు. వాటిని లెక్కించడానికి గైగర్ కౌంటర్ల లాంటి పరికరాలు కావాలి. అయితే ఒక్క కౌంటర్‌ను నమ్మలేం. ఏ కారణం లేకుండా కూడా అది అప్పుడప్పుడూ టిక్కుమంటుంది. అందుకే కౌంటర్లను ఒకదాని మీద ఒకటి పెట్టి, అన్నీ ఒకే క్షణంలో పలికితేనే కణం వచ్చినట్టు లెక్క వేస్తారు. నిజమైన సంకేతాన్ని ఉత్తుత్తి చప్పుడు నుంచి వేరుచేసే విద్య అది. వాక్స్ సర్క్యూట్‌లో మనిషి గొంతును గ్రైండర్ చప్పుడు నుంచి వేరుచేయడానికి పడే తంటా కూడా అదే కోవలోది.

అప్పట్లో ఇలాంటి పరికరాలు బయటి దేశాల నుంచి తెప్పించుకోవడం తేలిక కాదు. విదేశీ మారకద్రవ్యం తక్కువ. వచ్చిన పరికరం చెడిపోతే బాగుచేసే దిక్కుండదు. అందుకే ఇన్‌స్టిట్యూట్‌లోనే ఎలక్ట్రానిక్ పరికరాల తయారీ మొదలైంది. రేడియేషన్ కొలిచే మీటర్లు, కౌంటింగ్ పరికరాలు, వాటికి కావాల్సిన విద్యుత్ సరఫరా పెట్టెలు అక్కడే తయారయ్యేవి. ఆ పని ఏఎస్ రావు చేతికి వచ్చింది. తర్వాత అది అణుశక్తి విభాగంలో పూర్తిస్థాయి ఎలక్ట్రానిక్స్ విభాగంగా ఎదిగింది.

అప్సరకు కాపలా

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైంది. ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. రియాక్టర్‌ను మాత్రం మనవాళ్లే కట్టుకున్నారు. దాని నియంత్రణ వ్యవస్థ ఏఎస్ రావు బృందం తయారుచేసింది.

రియాక్టర్‌లో జరిగే చర్య ఎంత వేగంగా ఉందో కంటితో చూసి చెప్పలేం. న్యూట్రాన్లను పసిగట్టే పరికరం నుంచి అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహం వస్తుంది. దాన్ని పెద్దది చేసి చూడాలి. అది ముందే నిర్ణయించిన హద్దు దాటితే రిలే పనిచేసి రియాక్టర్‌ను ఆపాలి. ఒక కొలత, ఒక హద్దు, ఒక రిలే. వాక్స్‌లో ఉన్న మూడు మెట్లే ఇక్కడా ఉన్నాయి.

తేడా ఏమిటంటే, వాకీటాకీ పొరబడితే ఒక మాట పోతుంది. రియాక్టర్‌లో అలా కుదరదు. అందుకే ఈ రంగంలో కొన్ని కఠినమైన పద్ధతులు స్థిరపడ్డాయి. రియాక్టర్‌ను ఆపే కడ్డీలను సాధారణంగా విద్యుదయస్కాంతాలతో పైన పట్టి ఉంచుతారు. కరెంటు పోయినా, తీగ తెగినా అయస్కాంతం వదిలేస్తుంది, కడ్డీలు తమ బరువుతోనే కిందికి జారతాయి. అంటే పరికరం చెడిపోయినప్పుడు కూడా ఫలితం భద్రత వైపే ఉండాలి. ముఖ్యమైన కొలతలకు మూడు వేర్వేరు మార్గాలు పెట్టి, వాటిలో రెండు ఒప్పుకుంటేనే చర్య తీసుకునే పద్ధతి కూడా ఉంది.

తయారుచేసేటప్పుడే ఇది ఎలా చెడిపోతుందని అడగాలన్నది ఆ రంగం నేర్పే మొదటి పాఠం. ఆ ప్రశ్నకు బయట కొన్న పెట్టె జవాబు చెప్పదు. లోపల ఏముందో తెలిసినవాడే చెప్పగలడు.

1960లో ఆయనకు పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చాయి.

చైనా యుద్ధం తర్వాత

1962లో చైనాతో జరిగిన యుద్ధం భారత సైన్యానికి ఉన్న లోటుపాట్లను బయటపెట్టింది. వాటిలో సమాచార పరికరాల కొరత ఒకటి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1954 నుంచి ఉన్నా, అవసరానికి సరిపడా తయారీ లేదు.

1963లో కేంద్ర ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. అందులో విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లే. భగవంతం అప్పుడు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు.

దేశానికి ఏయే ఎలక్ట్రానిక్ పరికరాలు ఎన్ని కావాలి, వాటి విడిభాగాలు ఎక్కడ తయారవ్వాలి అన్నదాని మీద ఆ కమిటీ లెక్కలు వేసింది. పెట్టెలు బిగించడం ఒక్కటే చాలదని, వాటిలోకి వెళ్లే రెసిస్టర్లు, కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు కూడా దేశంలోనే తయారుకావాలన్నది దాని దారి. నివేదిక వెలుగుచూసింది 1966లో. ఆ ఏడాది జనవరి 24న మాంట్‌బ్లాంక్ పర్వతం మీద జరిగిన విమాన ప్రమాదంలో భాభా చనిపోయారు.

నివేదికను ఆచరణలో పెట్టే బాధ్యతలో పెద్దభాగం ఏఎస్ రావు మీద పడింది.

హైదరాబాద్‌లో ఈసీఐఎల్

1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ ఏర్పాటైంది. ట్రాంబేలోని ఎలక్ట్రానిక్స్ ఉత్పత్తి విభాగం దానికి పునాది. ఏఎస్ రావు తొలి మేనేజింగ్ డైరెక్టర్.

తర్వాతి దశాబ్దంలో ఆ సంస్థ నుంచి వచ్చిన వస్తువుల జాబితా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అణు విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు. టీడీసీ-12తో మొదలైన కంప్యూటర్లు. ఉపగ్రహ భూకేంద్రాలకు యాంటెన్నాలు. ఇళ్లల్లోకి ఈసీ టీవీలు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైన రోజుల్లో చాలా తెలుగు ఇళ్లల్లో కనిపించిన టీవీ అదే.

1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ఉపగ్రహ ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు అమెరికా ఉపగ్రహం ద్వారా నేరుగా టీవీ కార్యక్రమాలు చేర్చారు. ఆ గ్రామాల్లో పెట్టిన సెట్లను తయారుచేసింది ఈసీఐఎల్. ప్రయోగానికి సాంకేతిక కేంద్రం గుజరాత్‌లోని అహ్మదాబాద్. కోడిగూడు వల లాంటి తీగల జల్లెడతో చేసిన యాంటెన్నాలు, దుమ్ములో ఎండలో పనిచేయాల్సిన సెట్లు. బాగుచేసేవాడు దగ్గర్లో లేని ఊళ్లో పరికరం ఎలా చెడిపోతుందన్న ప్రశ్న ఇక్కడా మళ్లీ ముందుకొచ్చింది.

1972లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. ఆయన హయాం తర్వాత, 1979లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం నమూనాను తయారుచేసింది కూడా ఈసీఐఎల్‌లోనే.

విమర్శలు లేకపోలేదు

ఏఎస్ రావు కథను విజయగాథగా మాత్రమే చెప్పడం సరికాదు.

ఈసీఐఎల్ కంప్యూటర్లు విదేశీ యంత్రాల కంటే వెనకబడి ఉండేవన్న విమర్శ అప్పుడే ఉంది. కొన్నవాళ్లు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఒక్క ప్రభుత్వ సంస్థను కాపాడటానికి దేశం మొత్తాన్ని పాత యంత్రాలతో సరిపెట్టుకోమన్నారని కొందరు వాదించారు. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లిన తర్వాత కూడా ఆ ఖాళీని ఈసీఐఎల్ ఒక్కటే నింపలేకపోయింది. 1980ల్లో దిగుమతి నిబంధనలు సడలాక విడిభాగాలు తెచ్చి బిగించే చిన్న కంపెనీలు టీవీల్లో, కంప్యూటర్లలో దాన్ని దాటిపోయాయి.

ఈ విమర్శలో నిజం ఉంది. అన్నీ మనమే చేసుకోవాలన్న పట్టుదలకు ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు వినియోగదారుడే కట్టాడు.

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. 1974లో పోఖ్రాన్ పరీక్ష తర్వాత బయటి దేశాలు అణు పరికరాల సరఫరాకు తలుపులు మూసేశాయి. అప్పుడు దేశంలోని రియాక్టర్ల కంట్రోల్ రూములు ఆగిపోకుండా ఉన్నాయంటే, ఆ పరికరాల లోపల ఏముందో తెలిసిన మనుషులు ఇక్కడే ఉన్నారు కాబట్టి. టీవీల బజారులో ఈసీఐఎల్ ఓడిపోయింది. ఎవరూ అమ్మని వస్తువు దగ్గర నిలబడింది. స్వావలంబన ఎక్కడ అవసరం, ఎక్కడ అనవసర భారం అన్న ప్రశ్నకు ఆయన జీవితం రెండు వైపులా ఉదాహరణలు ఇస్తుంది.

మళ్లీ హజీరాకు

హజీరాలో అణుశక్తి విభాగానికి చెందిన భారజల కర్మాగారం ఉంది. తెలంగాణలో మణుగూరులో ఉన్నట్టే. ఇదే హజీరాలోని భారీ యంత్రాల కర్మాగారంలో అణు రియాక్టర్లకు పెద్ద పెద్ద భాగాలు తయారవుతాయి. సూరత్‌కు తూర్పున కాక్రాపార్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. ఏఎస్ రావు పనిచేసిన లోకం ఇక్కడికి దూరమేమీ కాదు.

ఆయన రంగం అడిగే ప్రశ్నను మన చిన్న వాకీటాకీ దగ్గర కూడా అడిగి చూడొచ్చు. ఇది ఎలా చెడిపోతుంది?

వాక్స్ ఆన్ అవడానికి ఒక క్షణం పడుతుంది. ఆ క్షణంలో పలికిన అక్షరం అవతలివాళ్లకు చేరదు. హిందీలో ఎత్తొద్దు అని చెప్పాలంటే మత్ ఉఠావ్ అంటారు. మొదటి ముక్క మింగేస్తే అవతల వినిపించేది ఉఠావ్, అంటే ఎత్తు. తెలుగులో చిక్కు రెండో చివర ఉంటుంది. మనకు వద్దు అనేది మాట చివర వస్తుంది. గొంతు తగ్గి, సెట్ ముందే ఆగిపోతే ఎత్తొద్దు కాస్తా ఎత్తు అవుతుంది. ఒకే పనిచోట రెండు భాషలూ మాట్లాడేవాళ్లు ఉంటే, ఒకే సర్క్యూట్ ఇద్దరినీ రెండు రకాలుగా మోసం చేయగలదు. క్రేన్ కొక్కేనికి టన్నుల బరువు వేలాడుతున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

దీనికి మందు ఉంది. ముందు పిలుపు, తర్వాత ఆజ్ఞ. క్రేన్, క్రేన్ అని రెండుసార్లు పిలిస్తే మొదటి అక్షరాలు పోయినా నష్టం లేదు. చివర్లో జాగును ఒక సెకనుకు తగ్గకుండా పెట్టుకోవాలి. ఆపాలన్నప్పుడు ఆపు అనే విడి మాటే వాడాలి, వద్దు కలిపిన క్రియ వాడకూడదు. విన్నవాడు తిరిగి చెప్పేదాకా ఏదీ కదలకూడదు. మాట వినపడకపోతే క్రేన్ ఆగాలి తప్ప నడవకూడదు. కరెంటు పోతే కడ్డీలు కిందికి జారాలన్న రియాక్టర్ నియమం ఇది.

ఇంట్లో కట్టిన సెట్‌కు ఇంకో హద్దు కూడా ఉంది. రిలే కలిసినప్పుడు, విడిపోయినప్పుడు నిప్పురవ్వ రాగలదు. మండే వాయువులుండే చోటుకు దాన్ని తీసుకెళ్లకూడదు. అక్కడ ప్రత్యేకంగా పరీక్షించి ధ్రువీకరించిన సెట్లే వాడాలి. రేడియో తరంగాలకూ చట్టం ఉంది. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య తక్కువ శక్తితో నడిచే సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. మిగతా చాలాచోట్ల లైసెన్సు ఉండాల్సిందే. హామ్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంటే ప్రయోగాలకు దారి ఇంకా విశాలమవుతుంది.

ఈరోజు వాక్స్ ఉన్న వాకీటాకీ బజారులో తేలిగ్గా దొరుకుతుంది. మెనూలో ఒక అంకె మారిస్తే సరిపోతుంది. మరి బల్ల మీద కూర్చుని డయోడ్, కెపాసిటర్ అతికించి చూడటం ఎందుకు? ఆ అంకె వెనక ఏముందో తెలియడానికి. ఏ చప్పుడుకు అది పలుకుతుంది, ఏ మాటను మింగేస్తుంది అన్నది కట్టినవాడికి తెలిసినంతగా కొన్నవాడికి తెలియదు. ఏఎస్ రావు ఒక ప్రయోగశాలను, తర్వాత ఒక కర్మాగారాన్ని నడిపింది ఆ తేడా మీదే.

ఆయన 2003లో కన్నుమూశారు. ఈసీఐఎల్ ఉద్యోగుల ఇళ్లతో మొదలైన కాలనీకి ఆయన పేరు పెట్టారు. ఇప్పుడక్కడ బట్టల దుకాణాలు, హోటళ్లు, కోచింగ్ సెంటర్లు, మొబైల్ రిపేరు షాపులు వరుసగా ఉన్నాయి. ఆ రిపేరు షాపుల్లో భూతద్దం కింద సోల్డరింగ్ చేస్తున్న కుర్రాళ్లలో ఎందరికి తమ బోర్డు మీదున్న పేరు ఎవరిదో తెలుసో చెప్పలేం. వాళ్లు రోజూ చేస్తున్నది మాత్రం ఆయనకు బాగా తెలిసిన పనే.